మూడు సంతకాలు

జూన్ 17

కొత్త సంవత్సరానికి చేపల మేత కంపెనీ వాళ్ళు మా ఆయనకిచ్చిన డైరీ ఇది. ఆరు నెలలుగా బీరువాలో ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశాను. ఎందుకు తీశానో రాస్తూ ఉంటే తెలుస్తుందేమో.

బడి తెరిచిన వారానికే హెడ్మాస్టరుగారు ఒక ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చలికాలంలో పక్షుల్ని చూడటానికి కొల్లేటికి వచ్చే జనం కోసం రోడ్డు పక్కన ప్రతి ఊరికీ ఒక బోర్డు పెడతారట, వెబ్‌సైటులో కూడా వేస్తారట. "సోషల్ టీచరు మీరే కదండీ, మన సూరవలంక గురించి మీకంటే ఎవరు రాస్తారండీ" అన్నారు.

మూడు భాగాలు. చూడదగ్గవి. పాత కట్టడాలు. ప్రజల సౌకర్యాలు.

మొదటిది సులువు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, రేవు నుంచి దోనె మీద గంట ప్రయాణం. రెండోదాంట్లో తెల్లదొరల కాలంలో పాతిన నీటిమట్టం రాయి గురించి, పాత రేవు మెట్ల గురించి రాశాను. మూడోదాంట్లో బడి, పాలకేంద్రం, మంచినీళ్ళ ట్యాంకు. చివర్న: "తుఫాను షెల్టరు. రెండంతస్తులు. ఆరువందల మందికి చోటు. వాడుకలో ఉంది."

సాయంత్రం ఇంట్లో మా ఆయనకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"బాగుంది ఇందిరా. నీ రాత ముత్యాలే."

జూన్ 18

ఫారం ఇంకా ఇవ్వలేదు. ఫొటోలు కూడా కావాలట.

జూన్ 21

ఫొటో తీయడానికి షెల్టరు దగ్గరికి వెళ్ళాను. రోజూ బడికి ఆ ముందునుంచే వెళ్తాను. అయినా వెళ్ళాను అని రాస్తున్నాను, ఎందుకంటే నిజంగా చూసింది ఇవాళే.

ర్యాంపు మొదట్లో ఇనప గేటు. దానికి ఆయన తాళం. గేటు లోపల ర్యాంపు పొడవునా మేత బస్తాలు, ఒకదాని మీద ఒకటి, మనిషెత్తు. కింద స్తంభాల మధ్య చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు, పాత వలలు, ఒక డీజిల్ ఇంజను. పై హాల్లోనూ బస్తాలేనని కిటికీలోంచి కనబడుతోంది. నాలుగేళ్ళ క్రితం, మా చేపల చెరువుకని వచ్చిన లారీ వానలో దిగబడితే రెండు రోజులకని దింపిన లోడు. ఊళ్ళో తడవని చోటు అదొక్కటే. రెండు రోజులయ్యాక మరో ఐదుగురు చెరువుల వాళ్ళు తమ బస్తాలూ తెచ్చారు.

అంతకుముందు పై అంతస్తులో అంగన్‌వాడీ నడిచేది. టీచరు గ్రేస్ ఇప్పుడు పిల్లల్ని రేకుల షెడ్డులో కూర్చోబెడుతోంది. నన్ను చూసి వచ్చింది.

"ఫొటోనా మేడమ్? ఎటువైపు నుంచి తీసినా బస్తాలే పడతాయండి."

వెనకవైపు నుంచి తీశాను. స్తంభాలు, పైన ఆకాశం, గోడ మీద వెలిసిపోయిన నీలం అక్షరాలు. చాలా బాగా వచ్చింది.

జూన్ 22

భోజనాల దగ్గర అడిగాను.

"ఏవండీ, షెల్టరు ఖాళీ చేయిస్తే బాగుంటుందేమో. వానలు ముందున్నాయి."

"నేనూ అదే అనుకుంటున్నాను. చెరువులో ఈ చేపల పట్టుబడి అవ్వగానే తీయించేస్తాను. పదిహేను రోజులు ఆగు."

ఆయన మాట తప్పే మనిషి కాదు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో నాతో గట్టిగా మాట్లాడింది లేదు. పదిహేను రోజులు ఎంతలో గడుస్తాయి.

జూన్ 30

రేవు వీధి వీరరాఘవమ్మగారు మనవరాల్ని బడిలో దింపడానికి వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళకీ వంగని మనిషి. దోనె తనే తోసుకుంటుంది. నాకు నమస్కారం పెట్టలేదు. చూసి ఉండదు.

పోయిన అక్టోబరు వానకి వాళ్ళ ఇల్లు మునిగితే తన ముసలాయన్ని తీసుకుని మూడు రోజులు బడి అరుగు మీద ఉంది. ఆ జల్లుకి అరుగు కూడా తడిసిపోయింది. ముసలాయన అదేపనిగా దగ్గేవాడు. తర్వాత ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడే పోయాడు.

ఆ మూడు రోజులూ రెండు పూటలా టీ ఇచ్చాను. ఎవరితోనో పంపలేదు. ఫ్లాస్కులో పోసుకుని, గొడుగేసుకుని, నేనే వెళ్ళి ఇచ్చాను.

రిజిస్టరు సంగతి ఇక్కడ రాయక్కర్లేదు.

జూలై 7

పట్టుబడి వారం వెనక్కి పోయింది.

జూలై 9

అడగలేదు. చెరువులో గాలి చాలక చేప పైకి తేలుతోందని ఆయన తెల్లవారుజాము నుంచీ గట్టు మీదే ఉన్నారు. ఇలాంటప్పుడు అడగడం బాగుండదు.

జూలై 14

అడగలేదు.

జూలై 19

పట్టుబడి మొన్న అయింది. ఇవాళ షెల్టరు ముందు రెండు ట్రాక్టర్లు ఆగాయి. ఖాళీ చేస్తున్నారనుకుని మధ్యాహ్నం గంట కొట్టగానే గబగబా వెళ్ళాను. దించుతున్నారు. కొత్త మేత.

ఆయన నీడలో నిలబడి బస్తాలు లెక్క పెట్టిస్తున్నారు.

"ఏవండీ, తీయిస్తానన్నారు కదా."

"ఇక్కడ కాదు, ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం."

"ఇంట్లో నెల రోజులుగా మాట్లాడుకుంటున్నామండి."

కూలీలు ఆగి చూస్తున్నారు. ఆయన నన్ను పక్కకి తీసుకెళ్ళారు. గొంతు పెంచలేదు. ఆయన ఎప్పుడూ పెంచరు.

"నాదొక్కడిదేనా ఇందిరా? ఆరుగురి మేత ఉంది లోపల. నేను తీయమంటే మిగతావాళ్ళు ఎక్కడ పెట్టుకుంటారు?"

"తాళం మాత్రం మీదే కదండీ."

అప్పుడు ఆయన ఒక మాటన్నారు. అది రాయను.

జూలై 21

రాస్తాను.

"సంతకం నీది కూడా ఉంది కదా" అన్నారు.

షెల్టరుకి ఒక కమిటీ ఉంది. ఈయన అధ్యక్షులు. పంచాయతీ కార్యదర్శి ఒకరు, ఊళ్ళో కాపురముండే టీచరుగా నేనూ సభ్యులం. ఏటా మే నెలలో చూసి రిజిస్టరులో రాయాలి. "షెల్టరు ఖాళీగా, శుభ్రంగా, అత్యవసర వాడుకకు సిద్ధంగా ఉన్నది." కింద మూడు సంతకాలు. కార్యదర్శి రాసుకొస్తాడు, ఈయన పెడతారు, తర్వాత నేను.

మూడేళ్ళు పెట్టాను. ఈ ఏడు రిజిస్టరు ఇంకా రాలేదు. పోయినేడు వంటింట్లో పెట్టాను. పప్పు తాలింపు వేస్తుంటే రిజిస్టరు తెచ్చి గట్టు మీద పెట్టారు. చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టాను. చదవకుండా పెట్టానని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను.

చదివాను. ఆ మూడు మాటలూ చదివాను. తాలింపు మాడుతుందని పెట్టేశాను.

అది మే నెల. ముసలాయన అక్టోబరులో పోయాడు.

జూలై 24

నిన్న రాత్రే మండలాఫీసుకి ఉత్తరం రాసి పెట్టుకున్నాను. పేజీన్నర. షెల్టరులో ఏముందో, ఎవరి తాళమో, రిజిస్టరులో ఏం రాశామో. మూడేళ్ళూ నేను సంతకం పెట్టానని కూడా రాశాను. ఆ వాక్యం నాలుగుసార్లు రాసి కొట్టేశాను. ఐదోసారి ఉంచాను.

కార్యదర్శి గోపీనాథ్‌ది ముప్ఫై ఏళ్ళ వయసు. తాడేపల్లిగూడెం నుంచి బండి మీద వస్తాడు. పంచాయతీ ఆఫీసులో నా ఉత్తరం చదివి మొహం తుడుచుకున్నాడు.

"మేడమ్, సారుగారికి తెలుసాండీ ఇది?"

"సాయంత్రం చెబుతాను."

"ఇందులో నా సంతకం కూడా ఉందండి. కిందటేడు నేనొచ్చి నెలే అయింది. పెట్టమన్నారు, పెట్టేశానండి."

"నేనూ అంతే బాబూ. అందినట్టు ముద్ర వెయ్యి."

"రెండు రోజులు ఆగితే..."

"రెండు రోజులకనే ఆ బస్తాలు దింపారు గోపీనాథ్. ముద్ర వెయ్యి. నకలు నాకివ్వు."

వేశాడు. మండలానికి పంపుతానన్నాడు. పంపేదాకా కూర్చున్నాను.

బోర్డు ఫారంలో కూడా ఆఖరి వాక్యం కొట్టేసి, "షెల్టరు ఉంది. వాడుకలో లేదు" అని రాసి హెడ్మాస్టరుగారికి ఇచ్చాను. ఆయన ఇబ్బందిగా నవ్వారు.

సాయంత్రం ఈయనకి చెప్పలేదు. తలనొప్పిగా ఉందన్నారు.

జూలై 29

నోటీసు వచ్చింది, ఆయన పేరు మీద. ముప్ఫై రోజుల్లో ఖాళీ చేయాలి. జత చేసిన కాగితాల్లో నా ఉత్తరం. నా చేతిరాత ఆయనకి కొత్త కాదు. పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి నేను రాసిన ఉత్తరాలు ఇప్పటికీ దాచుకున్నారు.

మొత్తం చదివి, మడతపెట్టి, రేడియో కింద పెట్టారు.

"ముందు నాతో అని ఉండాల్సింది" అన్నారు.

"చాలాసార్లు అన్నానండి."

"ఇలా చేస్తానని అనలేదు."

అది నిజం. అనలేదు.

ఆగస్టు 2

మాటల్లేవు. అన్నం ఆయనే వడ్డించుకుంటున్నారు. కంచం కడిగి బోర్లిస్తున్నారు కూడా. ఆ కడగడం చూడలేకపోతున్నాను.

ఆగస్టు 6

చెరువుల వాళ్ళు నలుగురు ఇంటికొచ్చారు. పెద్దాయన వెంకట్రాజుగారు నాకు బాబాయి వరస. కాఫీ తాగి గ్లాసు నిదానంగా కింద పెట్టారు.

"అమ్మా, నీకు తెలియనిదేముంది. చదువుకున్నదానివి. ఈ ఊరికి తుఫాను వచ్చి ఎన్నేళ్ళయిందో చెప్పు."

"ముంపు పోయినేడు కూడా వచ్చింది బాబాయిగారూ."

"అది ముంపటమ్మా? మోకాలి లోతు నీళ్ళు. మూడు రోజుల్లో పోయాయి."

"ఒక మనిషి కూడా పోయాడండి."

"ముసలాడు. జ్వరంతో పోయాడు."

ఈయన అక్కడే కూర్చుని ఉన్నారు. తల వంచుకుని చాప అంచు పీకుతున్నారు. నా తరఫున మాట్లాడలేదు. వాళ్ళ తరఫునా మాట్లాడలేదు.

"నోటీసు వెనక్కి తీసుకోమని ఇంకో కాగితం రాసివ్వు, చాలు" అన్నారు వెంకట్రాజుగారు.

"ఇంకో కాగితం రాస్తాను బాబాయిగారూ. అది మాత్రం కలెక్టరుగారికి రాస్తాను."

లేచి వెళ్ళిపోయారు. తర్వాత కాఫీ గ్లాసులన్నీ తీసుకెళ్ళి కడిగాను.  

ఆగస్టు 8

ఇవాళ శుక్రవారం. ఆఖరి పీరియడులో ఆరు, ఏడు తరగతుల్ని వరసలో నిలబెట్టి రేవు వీధి చివరికి తీసుకెళ్ళాను. అక్కడినుంచి షెల్టరు గేటు దాకా నడిపించాను. వాచీ చూసుకున్నాను. పదకొండు నిమిషాలు. గేటు ముట్టుకుని వెనక్కి వచ్చాం.

"లోపలికి ఎప్పుడెళ్తాం టీచర్?"

"తాళం తీశాక."

"ఎప్పుడు తీస్తారు?"

"అది మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి."

ఇకనుంచి ప్రతి శుక్రవారం.

ఆగస్టు 22

మూడో నడక. గ్రేస్ కూడా అంగన్‌వాడీ పిల్లల తల్లుల్ని తీసుకొచ్చింది. పది నిమిషాల్లో చేరాం. దారిలో పల్లంగా ఉన్న చోట ముంపు వస్తే పిల్లలకి నడుం దాకా నీళ్ళు వస్తాయని గుర్తు పెట్టుకున్నాను.

వీరరాఘవమ్మగారు తన గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. మేం వెళ్ళడం చూసింది, రావడం చూసింది. నేను ఆగాను. ఏదో చెప్పాలనే ఆగాను.

"ఏంటి పంతులమ్మా?"

"ఏం లేదండి. బాగున్నారా?"

చెప్పలేదు.

ఆగస్టు 28

పైన వానలట. కొల్లేట్లో పడే తమ్మిలేరు, బుడమేరు రెండూ నిండుగా వస్తున్నాయంటున్నారు. ఉప్పుటేరు సముద్రంలోకి లాగేది లాగుతుంది, మిగిలింది మన మీదే నిలుస్తుంది.

నోటీసు గడువు నిన్నటితో అయిపోయింది. పొద్దున బడికి వెళ్తూ చూశాను. ర్యాంపు మీద బస్తాలు లేవు. పై హాలు అలాగే ఉంది. తాళం అలాగే ఉంది. ర్యాంపు మాత్రం ఊడ్చి ఉంది.

ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. రాత్రికి ఆయనకిష్టమని చింతచిగురు పప్పు వండాను.

సెప్టెంబరు 4, పగలు పదకొండు

షెల్టరు పై అంతస్తులో కూర్చుని రాస్తున్నాను. నిన్నంతా రాయడానికి వీల్లేకపోయింది. వరసగా రాయాలి.

నిన్న పొద్దున ఏడింటికి రేవు వీధిలో చీలమండ లోతు. ఎనిమిదింటికి మోకాళ్ళు. ఈయన నాలుగింటికే లేచి చెరువు గట్టు కాయడానికి మనుషుల్ని తీసుకుని పోయారు. చెరువు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లు. ఫోను కలవలేదు. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉంది.

నేను బడి తాళాలు తీసుకుని బయల్దేరాను. బడిలోకి జనాన్ని రమ్మందామనుకున్నాను. అరుగు మీదికి అప్పటికే నీళ్ళొచ్చేశాయి. అక్కడే ఒక్క క్షణం నిలబడ్డాను. ఆ అరుగు చూస్తూ.

తర్వాత షెల్టరు దగ్గరికి వెళ్ళాను. గ్రేస్ ముందే వచ్చి ఉంది, ఇద్దరు పిల్లల్ని చెరో చంకన వేసుకుని. వెనక పది పన్నెండు మంది ఆడవాళ్ళు.

"తాళంచెవి ఉందాండీ మేడమ్?"

"లేదు. గునపం ఎవరింట్లో ఉంది?"

ఒకామె పరిగెత్తి తెచ్చింది. గునపం నా చేతికిచ్చారు. అందరూ నావైపే చూస్తున్నారు. అది మా ఇంటి తాళం. రెండు దెబ్బలకి నా వల్ల కాలేదు. గ్రేస్ కూడా చెయ్యేసింది. నాలుగో దెబ్బకి కొక్కెం విరిగింది.

హాల్లో మనుషులు నిలబడటానికి చోటు లేదు. ఒక్కో బస్తా నలభై కిలోలు. ఇద్దరిద్దరం పట్టుకుని కిందికి దింపడం మొదలెట్టాం. ఎక్కడ వెయ్యాలి? పల్లం గుర్తొచ్చింది. శుక్రవారం నడకల్లో చూసిన ఆ పల్లం. అప్పటికే అక్కడ నడుం లోతు. ముసలివాళ్ళు, పిల్లలు దాటలేరు.

"పల్లంలో వెయ్యండి. వరసగా. దారి వేద్దాం."

"మేతండీ మేడమ్, నీళ్ళపాలవుతుంది. బస్తాల వాళ్ళేమంటారో?"

"ముందు మా పేరు రాసినవి వెయ్యండి."

మా బస్తాల మీద ఎర్రరంగుతో ఆయన పేరు, కె.ఎం. అని రాసి ఉంటుంది. అవన్నీ వేశాం. తర్వాత మిగతావాళ్ళవి. ప్లాస్టిక్ సంచులు కాబట్టి వెంటనే కరగలేదు. అడుగున మూడు వరసలు, పైన రెండు. పక్కన వల తాళ్ళు కట్టాం పట్టుకోవడానికి. పదిన్నరకి మొదటి ముసలమ్మ దాటింది. ఆ తర్వాత ఆగలేదు. మేకలు కూడా దాటాయి.

పదకొండు దాటాక గ్రేస్ వచ్చింది.

"వీరరాఘవమ్మగారు రానంటోందండి. మనవరాల్ని పంపేసింది. తను రాదట."

వెళ్ళాను. ఇంట్లో మోకాలి పైకి నీళ్ళు. ఆవిడ మంచం మీద కూర్చుంది, కాళ్ళు పైకి పెట్టుకుని. మంచం కోళ్ళు కనబడటం లేదు.

"రండమ్మా. షెల్టరు తీశాం."

"పోయినేడు లేని షెల్టరు ఈ ఏడు ఎక్కడినుంచొచ్చింది పంతులమ్మా?"

మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాను.

"మూడు రోజులు దగ్గాడు. నువ్వు టీ తెచ్చిచ్చావు. నీ మొగుడి తాళం అక్కడ వేలాడతానే ఉంది. టీ బాగుందన్నాడు మా ముసలాడు. పిచ్చోడు."

ఆ నీళ్ళలో నిలబడి చెప్పాను. ఎలా చెప్పానో గుర్తులేదు. మే నెలలో షెల్టరు ఖాళీగా ఉందని రిజిస్టరులో రాశారని, అది అబద్ధమని తెలిసే నేను సంతకం పెట్టానని, మూడేళ్ళు పెట్టానని. పెట్టనని ఉంటే తాళం తీసేవారేమోనని.

ఆవిడ నన్ను తేరిపార చూసింది. ఏడవలేదు. తిట్టలేదు.

"ఈ మాట నలుగురిలో చెప్తావా?"

"చెబుతాను."

"నా ముందర ఒక్కదాని దగ్గరే కాదు. ఊరి ముందర."

"చెబుతానమ్మా."

"అయితే పద."

నా చెయ్యి పట్టుకోలేదు. తాడు పట్టుకుని తనే దాటింది.

మధ్యాహ్నం రెండింటికి ఈయన దోనె మీద వచ్చారు. గట్టు తెగిందట. చేప మొత్తం కొల్లేట్లోకి పోయిందట. ఒంటి నిండా బురద. పల్లం దగ్గర దోనె ఆపి, నీళ్ళలో తన పేరు రాసిన బస్తాల మీద నడుస్తున్న జనాన్ని చూశారు. నేను పల్లం అంచున నిలబడి ఉన్నాను. ఏమన్నా పడదామనే నిలబడ్డాను.

"తాళం బద్దలుకొట్టానండి" అన్నాను.

"చూశాను."

దోనె దిగారు. పల్లం మధ్యలో ఒక బస్తా జారి పక్కకి పోయింది. వంగి దాన్ని లాగి మళ్ళీ వరసలో పెట్టారు. ఆ తర్వాత చీకటి పడేదాకా అక్కడే నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ దాటించారు. వెంకట్రాజుగారి భార్యని కూడా.

మూడువందల నలభై మందిమి ఉన్నాం. ఇప్పుడే లెక్క పెట్టాను. రేవు వీధిలో ఎవరూ మిగల్లేదు.

సెప్టెంబరు 8

నీళ్ళు తీశాయి. అందరూ ఉన్నారు.

సెప్టెంబరు 11

పై అధికారులు వచ్చారు. షెల్టరు తెరిచినందుకు నన్ను మెచ్చుకున్నారు. పేపరువాళ్ళు ర్యాంపు మీద నిలబెట్టి ఫొటో తీశారు. రిజిస్టరు గురించి ఎవరూ అడగలేదు. నా ఉత్తరం ఏ దస్త్రంలో పడుకుందో.

నేనే చెబుదామనుకున్నాను. వాళ్ళు తొందరలో ఉన్నారు, ఇంకా ఐదు ఊళ్ళు చూడాలట.

ఫొటో తీస్తున్నంతసేపూ వీరరాఘవమ్మగారు రోడ్డు అవతల నిలబడి ఉంది.

సెప్టెంబరు 12

పేపర్లో వచ్చింది. "ధైర్యం చూపిన టీచరమ్మ." రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా.

సెప్టెంబరు 20

చెప్పలేదు. చెప్పడానికి సమయం సందర్భం ఉండాలి కదా.

సెప్టెంబరు 26

సందర్భం తనంతట తనే వచ్చింది. గాంధీ జయంతి నాడు గ్రామసభలో నాకు శాలువా కప్పుతారట. గోపీనాథ్ వచ్చి చెప్పాడు. ఈయన వింటున్నారు.

"వెళ్తావా?" అన్నారు. దాదాపు రెండు నెలలకి తనంతట తను అడిగిన మొదటి మాట.

"వెళ్తానండి. శాలువా కోసం కాదు. రిజిస్టరు సంగతి చెప్పడానికి."

 ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు.

అక్టోబరు 2

షెల్టరు హాల్లోనే సభ. గోడలకి ఇంకా మేత వాసన ఉంది. మండలం నుంచి ఒక అధికారి వచ్చారు. నా పేరు పిలిచారు. శాలువా విప్పుతుంటే, "ఒక్క నిమిషమండీ, ముందు నేనొక మాట చెప్పాలి" అన్నాను.

చెప్పాను. మే నెల సంగతి, మూడేళ్ళ సంగతి, మూడు మాటల సంగతి. ముసలాయన పేరు పెట్టి చెప్పాను. సత్యనారాయణగారు. ఇన్నాళ్ళూ ఈ డైరీలో ఆయన పేరు రాయనే లేదని చెబుతున్నప్పుడే తట్టింది.

వెనక బెంచీలోంచి ఎవరో, "అయిపోయినవి ఇప్పుడెందుకు లెండి టీచరుగారూ, అందరం బాగున్నాం కదా" అన్నారు.

"ఆగవయ్యా" అంది వీరరాఘవమ్మగారు. కూర్చునే అంది. "ఆవిడ చెప్పేది మా ఇంటాయన గురించి."

ఆ తర్వాత ఎవరూ అడ్డు రాలేదు. చెప్పడం అయ్యాక ఎక్కడ కూర్చోవాలో తెలియక అలాగే నిలబడ్డాను. అప్పుడు పక్క వరసలో కుర్చీ జరిగిన చప్పుడు. ఈయన లేచారు.

"మొదటి సంతకం నాదండి" అన్నారు.   "తాళం నాది. సంతకం నాది. ఆవిడ నన్ను చాలాసార్లు అడిగింది. నేనే వాయిదా వేశాను."

గోపీనాథ్ కూడా చెయ్యెత్తాడు, బడిపిల్లాడిలా.

అధికారి ముగ్గురి మాటలూ రాసుకున్నారు. నాకు మెమో వస్తుందట. శాలువా బల్ల మీదే ఉండిపోయింది. వీరరాఘవమ్మగారు లేచి మా ముందునుంచే వెళ్ళింది. మా వైపు చూడలేదు. చూడమని అడిగే హక్కు మాకు లేదు.

దారిలో ఈయన నా పక్కనే నడిచారు.

"భయమేసింది" అన్నారు.

"నాకూ వేసిందండి."

"నీకు వేసినట్టు కనపడలేదు."

"మీకూ కనపడలేదు."

నవ్వలేదు. కానీ ఇంటిదాకా పక్కపక్కనే నడిచాం.

అక్టోబరు 3

పొద్దున బడి గంట కొట్టకముందే వీరరాఘవమ్మగారు వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. అరుగు ఎక్కి నా బల్ల ముందు నిలబడింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఒక అర్జీ రాయాలి పంతులమ్మా."

"చెప్పండమ్మా."

"మా ఆయన జ్వరంతో పోయాడని రాశారు ఆసుపత్రి కాగితంలో. అది కాదు. షెల్టరుకి తాళం వేసి ఉండబట్టి, మూడు రోజులు తడిసి పోయాడని రాయి. అలాగని సర్కారు పుస్తకంలో ఉండాలి. ఎవరెవరు సంతకాలు పెట్టారో ఆ పేర్లు కూడా రాయి."

తెల్లకాగితం తీసుకున్నాను. రాశాను. రాసేటప్పుడు చెయ్యి ఆగలేదు. అయ్యాక చదివి వినిపించాను.

"నీ పేరు రాశావా?"

"రాశానమ్మా. రెండోది నాదే."

"నీ మొగుడిది?"

"మొదటిది."

వేలిముద్ర వేసింది. సిరా ఆరేదాకా ఊది, రెండు మడతలు పెట్టి రొంటిని దోపుకుంది. నేను తీసుకెళ్ళి ఇస్తానన్నాను. ఒప్పుకోలేదు.

"నేనే పోతాను. ఎక్కడ ఇవ్వాలో చెప్పు."

చెప్పాను. ఏలూరు బస్సు ఎన్నింటికో, ఎక్కడ దిగాలో, ఏ గదిలో అడగాలో. ముద్ర వేసిన నకలు చేతికొచ్చేదాకా లేవొద్దని, ఎవరైనా రేపు రమ్మంటే అక్కడినుంచి కదలొద్దని కూడా చెప్పాను.